వలస కథల్లో పరాయితనం

గల్ఫు కార్మికుని గురించి మన భాషలో వస్తున్న కథలు నాకు తృప్తి నివ్వడం లేదు. ఊరు, తల్లి, అప్పు, కన్నీరు ఇవన్నీ నిజాలే. కాని నేను చదివిన కథల్లో పరాయితనం మనసులోని బెంగగానే మిగిలిపోతున్నది. దాన్ని తయారుచేసేది యజమానీ, చట్టమూ అన్న సంగతి వాటిలో కనబడదు.

ఇది కొత్త సంగతి కాదు. కోరంగి రేవు పేరున బర్మాలో మనవాళ్లను ‘కోరంగీలు’ అన్నారు. 1930 మే నెలలో రంగూను రేవులో వారు సమ్మె కడితే యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే వారిని వెళ్లగొట్టారు. కూలి తగాదా జాతుల తగాదాగా మారింది. చచ్చినవారిలో ఎక్కువమంది మన కూలీలే.

గల్ఫులో కఫాలా పద్ధతి కార్మికుని నివాసాన్నే యజమానికి ముడివేసింది. ఖతార్‌లో 2020 దాకా, ఒప్పందం నడుస్తుండగా యజమాని అనుమతిపత్రం లేనిదే పని మారే వీలు లేదు. పోనీ, స్వదేశంలో? ప్రవాసికి 2011 నుంచి ఓటున్నది. అయితే స్వయంగా వచ్చి వేయాలి. విమానం ఖర్చు భరించలేని కూలీకి అది కాగితం మీది హక్కే.

కథలో నుంచి కన్నీటిని తీసివేయమని నేననను. ఆ కన్నీటి పక్కన ఒప్పందపత్రాన్ని కూడా పెట్టమంటాను. అప్పుడే పాఠకుడు జాలిపడి ఊరుకోక, ఎవరిని నిలదీయాలో తెలుసుకుంటాడు.