తొలి వెబ్ పుట – ఒక పరిశీలన

వెబ్ పుటల నిర్మాణమును కొత్తగా నేర్చుకొనువారికి సాధారణముగా మొదట చెప్పు సంగతులు రంగులు, బొమ్మలు, అక్షరముల సొగసు. గోడలు లేవకముందే సున్నము కొట్టుట వంటిది ఈ పద్ధతి. ఈ విద్యలో ముందుగా తెలియవలసిన దేమో చూడదలచినవారు ప్రపంచములోని తొలి వెబ్ పుటను ఒకమారు పరిశీలించుట మేలు.

జెనీవా సమీపమునగల సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధనాలయములో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఈ పద్ధతిని ప్రతిపాదించినాడు. 1991 ఆగస్టులో బయటివారికి వెల్లడించినాడు. ఆ తొలి పుటకు 1992 నాటి ప్రతి ఒకదానిని సెర్న్ వారు 2013లో పాత చిరునామాలోనే తిరిగి నిలిపినారు.

ఆ పుటలో బొమ్మ ఒక్కటియు లేదు. ఒక శీర్షిక, చిన్న పరిచయము, ఆపైన కొన్ని లంకెలు, అంతే. అయితే చాలవరకు ప్రతి లంకె ప్రక్కను, దానిని తెరచినచో ఏమి దొరకునో ఒక్క ముక్కలో చెప్పబడియున్నది. నేడు ఎందరో "ఇక్కడ నొక్కండి" అని మాత్రమే వ్రాసి ఊరకుందురు. చూపులేనివారు తెరమీది వ్రాతను చదివి వినిపించు సాధనముతో లంకెలను మాత్రమే వరుసగా విన్నప్పుడు, పదిమార్లు "ఇక్కడ నొక్కండి" అను మాటయే వినబడును. ఏది ఎక్కడికి పోవునో తెలియదు.

అంతకంటె గొప్ప గుణము మరొకటి ఉన్నది. పుట వెడల్పు ఎంత ఉండవలెనో అందులో ఎచ్చటను చెప్పలేదు. కంప్యూటరు తెరపై కిటికీని సన్నగా లాగినచో వాక్యములు తమంతట తామే విరిగి క్రింది వరుసలోనికి సర్దుకొనును. అచ్చు కాగితము కొలత ముద్రాపకుని చేతిలో ఉండును. వెబ్ పుట కొలత చదువరి చేతిలో ఉండును. ప్రారంభకులకు నేర్పవలసిన మొదటి పాఠము ఇదియే.

దోషములు లేవనికాదు. పరిచయ వాక్యము సాంకేతిక పదములతో బరువెక్కినది. సెర్న్ శాస్త్రజ్ఞునికి తెలియవచ్చునుగాని పదవ తరగతి విద్యార్థికి అది కొరుకుడు పడదు. వెడల్పైన తెరమీద వరుస ఈ కొసనుండి ఆ కొసవరకు సాగి, తరువాతి వరుస మొదలు ఎక్కడో కంటికి చిక్కదు. ఆంగ్ల ముద్రణలో వరుసకు 45 మొదలు 75 అక్షరములు ఉండుట మంచిదని చెప్పుదురు. ఈ హద్దును ఆ పుట పాటించలేదు.

తరువాత వచ్చినవారు అచ్చు కాగితపు అలవాటును తెరమీదికి తెచ్చినారు. 1996లో డేవిడ్ సీగల్ వ్రాసిన గ్రంథము, లెక్కల పట్టికలకు ఏర్పడిన గడులను పుట అమరికకు వాడుటయు, కంటికి కానరాని చుక్కంత బొమ్మలను ఖాళీలు నింపుటకు పెట్టుటయు నేర్పినది. పుటలు అందముగానే వచ్చినవి. కాని రాయివలె బిగిసినవి. మరుసటి ఏడే, వెబ్‌ను పాడుచేసినది తానేనని ఆయనయే ఒక వ్యాసములో ఒప్పుకొన్నాడు. ఇట్టి నిజాయితీ గ్రంథకర్తలలో అరుదు.

ఆ బిగువు ఫలితము చేతిఫోనుల కాలములో బయటపడినది. 2007లో ఐఫోన్ వచ్చునప్పటికి పుటలు పెద్ద తెరలకే కొలిచి కట్టబడియుండుటచేత, ఫోను బ్రౌజరు ప్రతి పుటను వెడల్పైనదిగా భావించి కుదించి చూపసాగినది. ఏ పాపము నెరుగని తొలి పుటకూడ అందువలననే ఫోనులో చీమతలలంత అక్షరములతో కనబడును! తెర వెడల్పునే తన వెడల్పుగా గొనుమని చెప్పు ఒక్క పంక్తిని నేటి ప్రతి పుటయు తలలో చేర్చుకొనవలసియున్నది. 2010లో ఈథన్ మార్కాట్ తెరనుబట్టి సాగి ముడుచుకొను నిర్మాణమును వివరించి పేరుపెట్టినాడు. తొలి పుటకు పుట్టుకతో వచ్చిన గుణమును డిజైనర్లు ఇరువది యేండ్లకు శ్రమపడి తిరిగి సంపాదించినారన్నమాట.

రంగులకుకూడ చోటు ఉన్నది, కాని లెక్కతో. 2008 నాటి అంతర్జాతీయ సూచనల ప్రకారము మామూలు వ్రాతకును దాని వెనుకటి రంగునకును కాంతిలో భేదము కనీసము 4.5 కి 1 నిష్పత్తిలో ఉండవలెను. తెలుపుపై నలుపునకు అది 21 కి 1. తెలుపుపై లేత బూడిదరంగు వ్రాత నాజూకుగా తోచునుగాని, ఎండలో ఫోను పట్టుకొన్నవానికి అది అందదు.

తెలుగు పుటలకు మరి రెండు చిక్కులు. పై వరుసలోని ఒత్తు క్రింది వరుసలోని గుడిని తాకకుండ వరుసల నడుమ ఎడము ఆంగ్లమున కంటె ఎక్కువ విడువవలెను. అక్షరపు కొలతకు ఒకటిన్నర రెట్లకు తగ్గనీయరాదు. రెండవది, తెలుగు వ్రాతను బొమ్మగా చేసి అతికించు అలవాటు. ఒకప్పుడు చదువరి కంప్యూటరులో తెలుగు లిపి లేదను సాకు ఉండెను. నేటి ఫోనులలో అది ఉన్నది. అయినను పాఠశాల ప్రకటనలు, పరీక్షల తేదీలు బొమ్మలుగానే వచ్చుచున్నవి. అట్టి వ్రాత చిన్నతెరకు సర్దుకొనదు. అందులోని ఒక మాటను మామూలుగా వెదకి పట్టుకొనుటకు వీలులేదు. బొమ్మకు మారుగా చదువదగిన మాటలు జతపరచనిచో, చూపులేని విద్యార్థికి తన పరీక్ష ఏనాడో ఆ పుట చెప్పనే చెప్పదు.