ఏ ఏటి సైనికుడు?

1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలోని చందుర్తి మైదానంలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి కోటు రంగు. కల్నల్ ఫోర్డ్ వెంట బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. అసలు ఇంగ్లీషు పటాలమేమో ఏపుగా పెరిగిన చేను చాటున ఉండిపోయింది. ఎర్రకోట్లు కంటపడగానే కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి పటాలం, తెల్లవాళ్ళు వీళ్ళేనని అటు మళ్ళింది. ఆ భ్రమ చెదరకుండా ఫోర్డ్ సిపాయిల చేత జెండాలు చుట్టించి నేలమీద పెట్టించాడని చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. సిపాయిలు వెనక్కి తగ్గారు. చేను చాటునుంచి ఇంగ్లీషువాళ్ళు బయటికొచ్చారు. ఆ తరవాత నాలుగు నెలలకు మచిలీపట్నం కోట కూడా పోయింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి పెత్తనానికి అదే ముగింపు.

కోటు రంగుకూ జెండాకూ అంత బలముంది కనకనే, రెండున్నర శతాబ్దాల తరవాత కూడా, బొటనవేలంత బొమ్మ సైనికుడికి రంగులు వేస్తూ ‘ఈ మణికట్టు పట్టీ ఎరుపా, నీలమా?’ అని రాత్రంతా తర్జనభర్జన పడేవాళ్ళున్నారు. పెద్దవాళ్ళ బొమ్మలాట అని నవ్వేయడం తేలిక. కానీ ఆ పట్టీ రంగు తప్పితే ఆ బొమ్మ ఇంకో రెజిమెంటు సైనికుడైపోతుంది.

ఫ్రాన్సులో ఈ సరదా పాతదే. 18వ శతాబ్దంలోనే స్ట్రాస్‌బర్గ్‌లో కాగితం మీద సైనికుల్ని అచ్చువేసి, కత్తిరించి, వరసలు కట్టించారు. ఆ తరవాత పారిస్‌లో లూకోట్, మిన్యో సంస్థల సీసపు సైనికులు పేరు తెచ్చుకున్నారు. కొంపియేన్ పట్టణంలో చారిత్రక బొమ్మలకోసం ఏకంగా ఒక మ్యూజియమే ఉంది.

పని మొదలయ్యేది కుంచెతో కాదు, సంవత్సరంతో. పదిహేనో లూయీ కాలపు ఫ్రెంచి సైన్యంలో చాలా రెజిమెంట్లకు వాటి కల్నల్ పేరే ఉండేది. కల్నల్ మారితే రెజిమెంటు పేరు మారేది. అంతటితో ఆగదు. అలాంటి రెజిమెంట్లలో డ్రమ్ము వాయించేవాడు తొడుక్కునేది కల్నల్ ఇంటి సేవకుల దుస్తులు, కాబట్టి అతని కోటూ మారేది. రాజు పేరున్న రెజిమెంట్లలోనైతే డ్రమ్మరుకు నీలం కోటు, దానిమీద రాజు పరివారానికి చెందిన ఎరుపు తెలుపు పట్టీలు. అందుకే ‘ఏడేళ్ళ యుద్ధం నాటి సైనికుడు’ అంటే సరిపోదు. 1756లోనా, 1762లోనా? అది తేల్చుకోకుండా రంగు డబ్బా మూత తీసేవాళ్ళకు బొమ్మ అందంగానే వస్తుంది, నిజంగా రాదు.

మామూలు ఫ్రెంచి పదాతి సైనికుడి కోటును అందరూ తెలుపంటారు. అది తెలుపు కాదు, అద్దకం వేయని ఉన్ని. మన కోరాగుడ్డలా కాస్త బూడిద, కాస్త పసుపు కలిసిన వన్నె. వేలమందికి తొడిగే బట్టకు అద్దకం ఖర్చు తప్పితే ఖజానాకు అదే లాభం. సీసాలోంచి తీసిన తెల్లరంగు తిన్నగా పూస్తే బొమ్మ సున్నం కొట్టిన గోడలా నిలబడుతుంది. చేయితిరిగినవాళ్ళు ముందు వెచ్చని బూడిదరంగు పూస్తారు. నీళ్ళలా పల్చన చేసిన గోధుమరంగును మడతల్లోకి పారనిస్తారు. అది ఆరాక తెలుపు కొంచెం కొంచెంగా కలుపుకుంటూ భుజం మీదికీ, మోచేతి వంపుకీ, కోటు అంచుకీ తెస్తారు. అచ్చమైన తెలుపు పడేది చిట్టచివర, సూదిమొనంత చోట. ఇందులో నేర్పంతా ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడమే.

కోట్లన్నీ ఒకటే అయినప్పుడు రెజిమెంటును గుర్తుపట్టేదెలా? చేతి పట్టీ రంగు, కాలరు రంగు, లోపలి వెయిస్ట్‌కోటు రంగు, గుండీలు పసుపు లోహమా తెలుపు లోహమా, జేబు మూత అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, దానికి గుండీలెన్ని. మూడు మూలల టోపీ అంచున కుట్టిన పట్టీ కూడా సాధారణంగా గుండీల రంగునే అనుసరిస్తుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద జేబు గుండీలు లెక్కపెట్టడం మాత్రం, నన్నడిగితే, భక్తి ముదిరిన లక్షణం. చేతి పట్టీ, గుండీల రంగు సరిగ్గా ఉంటే చాలు.

విదేశీ రెజిమెంట్ల దగ్గర కన్ను మోసపోతుంది. ఫ్రెంచి రాజు కొలువులో స్విస్సువాళ్ళు ఎరుపు తొడిగేవారు, జర్మన్లలో ఎక్కువమంది నీలం. ఐరిష్‌వాళ్ళదీ ఎరుపే. 1758లో పాండిచ్చేరిలో దిగి, అక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీని దక్కన్ నుంచి వెనక్కి పిలిపించిన ఫ్రెంచి సేనాధిపతి లాలీ సొంత రెజిమెంటు ఐరిష్‌దే. 1760 జనవరిలో వందవాసి యుద్ధాన్ని బొమ్మలతో నిలబెట్టాలనుకునేవాళ్ళు, ఎర్రకోటు కనిపిస్తే ఇంగ్లీషువాడే అనుకుంటే చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు చేసిన తప్పే చేస్తారు.

ఇక జెండాలు. అసలు అందం ఇక్కడే ఉంది. దాదాపు మనిషెత్తు పట్టుబట్ట, చదరంగా ఉంటుంది. మధ్యలో తెల్ల శిలువ, దాని నాలుగు మూలల్లో రెజిమెంటు రంగులు. పికార్డీకి నాలుగూ ఎరుపు, షాంపేన్‌కు ఆకుపచ్చ, పియెమాంట్‌కు నలుపు. రాణి రెజిమెంటుకు ఆకుపచ్చా నలుపూ, శిలువ నిండా బంగారు కిరీటాలూ లిల్లీ పువ్వులూ. కర్ర కొసన ఈటెమొన, దాని కింద ముడివేసిన తెల్ల పట్టు గుడ్డ. ఇవి కాక కల్నల్ జెండా ఒకటుంది, అది తెలుపు మీద తెలుపు. శిలువ తెలిసేది కుట్ల వల్లనే. దాన్ని గీయాలంటే వెంట్రుకంత సన్నని లేత బూడిద గీతలు వేయాలి. గీత కాస్త ముదిరినా కుట్టు కాస్తా చారైపోతుంది. ఈ కల్నల్ జెండా రెజిమెంటు మొదటి పటాలానికే చెందుతుంది. అందంగా ఉంది కదా అని ప్రతి పటాలానికీ తగిలించడం ఈ రంగంలో తరచు కనిపించే తప్పు.

జెండాను పల్చని కాగితం మీద రెండువైపులా వచ్చేలా గీసి, కర్రచుట్టూ మడిచి, జిగురు తడి ఆరకముందే వేళ్ళతో అలలు తీస్తారు. పట్టు బరువుకు మడతలు కర్ర పైకొస నుంచి కిందికి ఏటవాలుగా జారాలి. జెండాను రేకులా సాపుగా ఉంచితే ఎంత కష్టపడి గీసినా వృథా. ఆరాక మడత లోయల్లో ముదురు వన్నె, గట్ల మీద లేత వన్నె మళ్ళీ వేసుకోవాలి. చివరికి కాగితం అంచుకు కూడా ఆయా రంగులు పూయాలి. అది మరిచిపోతే తెల్లగీత ఒకటి పైకి కనిపించి గుట్టు రట్టు చేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆ అసలు జెండాల్లో చాలావాటిని ఇప్పుడు మనం చూడలేం. 1760లో మాంట్రియల్ లొంగిపోయే ముందు ఫ్రెంచి సేనాని లెవి తన పటాలాల జెండాలు శత్రువుకు దక్కకూడదని తగలబెట్టించాడు. ఫ్రెంచి విప్లవం వచ్చాక రాజు గుర్తులున్న బట్టకు దిక్కులేకుండా పోయింది. మిగిలింది కాగితం మీది సాక్ష్యం. పారిస్ సైనిక మ్యూజియంలో 1757 నాటి పదాతి దళాల చిత్రాల రాతప్రతి ఉంది. 1882లో లుసియెన్ ముయార్ వేసిన పుస్తకం ఉంది. రెండింటికీ తేడా వస్తే నేను 1757 వైపే మొగ్గుతాను. కళ్ళెదుట సైన్యం ఉండగా గీసిన బొమ్మ, నూట పాతికేళ్ళ తరవాత గీసినదానికంటే నమ్మదగ్గది.

చేత్తో చేసి చూడాలనిపిస్తే పికార్డీతో మొదలుపెట్టండి. నాలుగు ఎర్ర చదరాలు, ఒక తెల్ల శిలువ, కోరారంగు కోటు, అంతకంటే తేలికైనది లేదు. బొమ్మ అడుగున మాత్రం రెజిమెంటు పేరూ సంవత్సరమూ ముందే రాసుకోండి.