ముక్కు ఆనకట్టను కూల్చింది ఎవరు?

జలుబు చేస్తే ముక్కు కారుతుంది. కార్చేది వైరసా, మన శరీరమేనా? ‘ఆస్మోసిస్ జోన్స్’ అనే ఇంగ్లీషు సినిమా వైరసే అంటుంది. పిల్లలు ఇష్టంగా చూసే చిత్రం కనుక ఆ జవాబును కాస్త పరీక్షించవలసి ఉంది.

2001లో విడుదలైన ఈ సినిమాలో కొంత భాగం నటులతో తీసింది, కొంత భాగం కదిలే బొమ్మలతో. జూలో పనిచేసే ఫ్రాంక్ నేలమీద పడ్డ కోడిగుడ్డు తిని జబ్బుపడతాడు. అక్కడినుంచి కథ అతడి ఒంట్లోనే నడుస్తుంది. ఆ ఒళ్ళే ఒక నగరం. జోన్స్ అనే తెల్ల రక్తకణం అందులో పోలీసు. థ్రాక్స్ అనే వైరస్ దుండగుడు. డ్రిక్స్ అనే జలుబు మాత్ర పోలీసుకు జతగాడు.

సరదాకు లోటు లేదు. జోన్స్ జెల్లీలా సాగిపోవడం ఉత్త కల్పన కూడా కాదు. మన తెల్లకణాలు రక్తనాళాల గోడల సందుల్లోంచి నిజంగానే అలా దూరి వస్తాయి.

చిక్కల్లా శ్లేష్మపు ఆనకట్ట దగ్గర వస్తుంది. థ్రాక్స్ ముఠా దాన్ని బద్దలు కొట్టగానే ఫ్రాంక్ ముక్కు కారడం మొదలవుతుంది. దృశ్యం గొప్పగా ఉంది, శాస్త్రం తలకిందులైంది. జలుబు తెచ్చేవాటిలో ముఖ్యమైనవి రైనోవైరస్‌లు. వీటిలో 100కు పైగా రకాలున్నాయి. ఇవి ముక్కు లోపలి పొరను పెద్దగా పాడుచేయవు. వైరస్ చొరబడిందని పసిగట్టి మన శరీరమే కొన్ని రసాయనాలను తయారుచేస్తుంది. వాటిలో ఒకటి బ్రాడికైనిన్. దానివల్ల రక్తనాళాలు ఉబ్బి నీరు ఊరుతుంది, గ్రంథులు శ్లేష్మాన్ని ఎక్కువగా స్రవిస్తాయి. పరిశోధకులు వలంటీర్ల ముక్కుల్లో ఉత్త బ్రాడికైనిన్ చల్లి చూశారు. వైరస్ లేకుండానే ముక్కు కారింది, దిబ్బడ వేసింది, గొంతు కూడా నొప్పి పెట్టింది! అంటే ఆనకట్ట తలుపులు ఎత్తింది దొంగలు కాదు, నగరపాలకులే.

జ్వరం విషయంలోనూ ఇదే పొరపాటు. థ్రాక్స్ హైపోథాలమస్‌లో దొంగతనం చేయడంతో ఒంటివేడి అదుపు తప్పుతుంది. కాని జ్వరం అదుపు తప్పిన వేడి కాదు. తెల్లకణాలు పంపిన సందేశం అందుకుని హైపోథాలమస్ తానే ఉష్ణోగ్రత మట్టాన్ని పైకి జరుపుతుంది. ఒళ్ళు కాలుతున్నా మీకు చలివేసి వణుకు పుట్టేది అందుకే. సినిమా చెప్పిన కథతో ఆ వణుకును వివరించి చూడండి, కుదరదు.

పోలీసులు తప్ప తక్కిన కణాలన్నీ బిక్కచచ్చిన జనంలా కనిపించడం మరో లోపం. వైరస్ సోకిన మామూలు కణం కూడా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌తో పొరుగు కణాలను హెచ్చరిస్తుందని 1957లోనే ఐజాక్స్, లిండెన్‌మాన్ చూపారు.

సినిమాకు ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. ముక్కు కారడం శత్రువు పనే అనుకున్నవాడు శత్రువును చంపే మందుకోసం షాపుకు పరుగెత్తుతాడు. చీమిడి పచ్చబడితే మరీను. ఆ రంగు న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల్లోని ఇనుముగల ఎంజైముది. బాక్టీరియా చేరిందనడానికి అదొక్కటే రుజువు కాదు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. పైగా ఒంట్లోని బాక్టీరియాలో మందుకు లొంగనివాటినే మిగిల్చి పెంచుతుంది. ఇలాంటి మందులను డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని, వాటి స్ట్రిప్ మీది నిలువు ఎర్రగీతను గుర్తించమని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. (ఆయాసం, తగ్గని జ్వరం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిందే, అది వేరే సంగతి.)

ఇక డ్రిక్స్ చేతి తుపాకీతో వైరస్‌తో పోరాడతాడు. అసలు జలుబు మాత్రకు అంత శక్తి లేదు. అది ఇచ్చేది కాస్త ఉపశమనం, అంతే.

అయినా సినిమా చూడవద్దనను. తరగతిలో వేస్తే ఆనకట్ట కూలే చోట ఒక్క నిమిషం ఆపమనండి. తలుపులు ఎత్తింది ఎవరో తేలేదాకా మీ మాస్టారితో వాదించండి.