మాను మీద కాపు

పూత చూసి మురిసే కళ్లకు పనస మొదట ఏమీ ఇవ్వదు. మామిడిలా కొమ్మల చివర విరగబూసి ఊరంతటికీ కబురు పెట్టదు. పనసను చూడాలంటే చూపు కిందికి దించాలి, మాను మీదికి. గరుకు బెరడును చీల్చుకొచ్చిన పొట్టి కాడలకు, చెట్టు ఒళ్లంతా కాయలే. ఒక్కొక్కటి 10 కిలోలు, 20 కిలోలు. బాగా ఊరితే 30 కూడా దాటుతుంది. చెట్టుకు కాసే పండ్లలో లోకంలో ఇంతకన్నా పెద్దది లేదు. అంత బరువు రెమ్మ వల్ల కాదు కాబట్టి మానే మోస్తుంది. కారణం తెలిశాక కూడా ఆ వింత తరగదు, నాకైతే పెరుగుతుంది. ముసలి చెట్లకు మొదలు దగ్గర, నేలకు ఆనుకుని కూడా కాస్తాయి. ఒక్కోసారి వేరుకు కాసి మట్టిలోనే పండిన కాయను వాసన పట్టి వెతుక్కోవాలి.

ఇక ఆ కాయ నిజానికి ఒక కాయ కాదు. ఒకే కాడ చుట్టూ ఒత్తుగా పుట్టిన వందల ఆడపూలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే అయినది. పైన వేలికి గుచ్చుకునే ప్రతి ముల్లూ ఒక పువ్వు కొస. పిందె నిలిచిన పువ్వు తొన అయింది. నిలవని పువ్వు పీచై, తొనల మధ్య సందులన్నీ నింపింది. పండు కోసేటప్పుడు మనం విసుక్కుంటూ లాగి పారేసే ఆ పీచును ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. లేత పసుపు రంగులో, పల్చగా, ఒక్కొక్కటి ఒక్కో పువ్వు. కాయ కాలేకపోయిన పువ్వు రాలిపోలేదు, పక్కనున్న తొన నలగకుండా అక్కడే సర్దుకుంది. ఒక్కటిగా కనబడేదంతా లోపల అనేకం కావడం, ఆ అనేకంలో ఏదీ వృథా పోకపోవడం, పనసలో నేను చూసే అందం అదే.

అందుకే పనసను ఒంటరిగా నిలబెట్టి చూస్తే సగమే కనబడుతుంది. తోటలో చూడాలి. వరసలు కొట్టి ఒకే జాతి నాటిన తోటలో కాదు, ఉద్దానం తోటలో. శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రగిరికీ బంగాళాఖాతానికీ నడుమ, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు పరుచుకున్న నేల అది. అన్నిటికన్నా పైన కొబ్బరి. దాని కింద పనస, మామిడి. ఇంకా కింద, కొమ్మలు నేల మీదికి వాల్చి జీడి. సందు దొరికిన చోట ములగ, అరటి. ఆహారపు అడవి అని ఈమధ్య ఎంతో ఇష్టంగా చెప్పుకుంటున్నదాన్ని ఇక్కడివాళ్లు ఏ పేరూ పెట్టకుండానే తరాలుగా పెంచుకొచ్చారు. కొబ్బరి మట్టల్లోంచి చారలు చారలుగా దిగిన ఎండ పనస గుబురు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆకు పైవైపు నిగనిగ, అడుగువైపు గరుకు. ఏడాది పొడవునా ఆకు రాలుస్తూనే ఉంటుంది కానీ ఎన్నడూ బోసిపోదు. రాలిన ఆకును కాలితో తప్పిస్తే అడుగున ఇసుక చెమ్మగా తగులుతుంది. తోటలో అన్నిటికన్నా ఎత్తు కొబ్బరిదే కావచ్చు, ఆ తోటకు లోతు ఇచ్చింది మాత్రం పనస.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ లోతే పోయింది. కొబ్బరి, జీడి, పనస కలిసి కూలాయి. ఎన్ని చెట్లు పోయాయో, ఒక్కొక్కదానికి ఎంత పరిహారమో లెక్కలు కట్టారు, కట్టాల్సిందే. ఇంటి చుట్టూ ఉన్న నీడ మాత్రం ఏ లెక్కకూ రాదు. కొబ్బరి మొక్క నాటుకోవచ్చు, జీడి అంటు తెచ్చుకోవచ్చు. నిండుగా పరుచుకున్న పనస నీడ మళ్లీ రావాలంటే ఒక తరం పడుతుంది.

ఆ తరాన్ని మొదలుపెట్టడం మాత్రం చాలా తేలిక. పండు తిన్నాక పిక్కను దాచకూడదు, ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది. కడిగి, జిగురు పోగొట్టి, తడి మీదే మట్టిలో పెట్టాలి. తల్లివేరు కదిలితే మొక్క కోలుకోవడం కష్టం కాబట్టి, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టడం మేలు. నీళ్లు నిలిచే చోటు పనికిరాదు. అంటు మొక్క త్వరగా కాపుకొస్తుంది, తల్లిచెట్టు రుచినే తెస్తుంది. పిక్క మొక్క ఏళ్ల తరబడి ఆగమంటుంది, పైగా కొరికితే కరకరలాడే తొన ఇస్తుందో, నోట్లో జారిపోయే మెత్తని తొన ఇస్తుందో కాసేదాకా చెప్పదు. అమ్ముకునే రైతు అంటు నాటడమే న్యాయం. ఇంటి పెరట్లో అయితే నా ఓటు పిక్కకే. లోకంలో ఇంతవరకు ఎవరూ రుచి చూడని తొన ఒకటి మన పెరట్లో పండే అవకాశాన్ని ఎందుకు వదులుకోవాలి?

కాయ లేతగా ఉన్నప్పటి సొగసు వేరు. గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కొట్టేవాళ్ల దగ్గర కాసేపు నిలబడి చూడాలి. చేతులకు, కత్తికి నూనె. ముళ్ల చెక్కు తీయగానే తెల్లటి పాలు బొట్లు బొట్లుగా చిమ్ముతాయి. ఒక చేత్తో కాయను తిప్పుతూ, రెండో చేత్తో కత్తి ఆడిస్తుంటే, దెబ్బ మీద దెబ్బ ఒకే తాళంలో పడుతుంది, పొట్టు సన్నగా రాలి కుప్ప అవుతుంది. మిక్సీలో తిప్పిన పొట్టుకు ఆ రవ్వతనం రాదు, నలిగి ముద్దవుతుంది. పసుపు వేసి ఉడికించి, నీరు పిండేసి, చింతపండు పులుసు పట్టించి, ఎండుమిరపకాయలూ జీడిపప్పుతో పోపు పెట్టి, దించాక ఆవ కలపాలి. ఆవను పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. చల్లారాక కలిపితే ఘాటు నేరుగా ముక్కుకెక్కుతుంది. పొట్టుకు సొంత రుచి తక్కువ. పులుపునూ కారాన్నీ ఆవనూ ఒక్కచోట కూర్చే ఓపిక ఎక్కువ. పెళ్లి భోజనాల్లో ఈ కూర లేకపోతే గోదావరివాళ్లు ఊరుకోరంటే ఊరుకోరు మరి.

కోనసీమలో ఆకునూ వదలరు. నాలుగు పనసాకులను పుల్లలతో కుట్టి బుట్టలా చేసి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, అదే పొట్టిక్క. విప్పితే ఆకు ఈనెల గీతలు దాని ఒంటి మీద అచ్చుపడి ఉంటాయి. ఆ పసరు వాసనకు కొబ్బరి చట్నీ చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

పనస పండిందో లేదో చెవితో తెలుసుకుంటారు. కాయ మీద తడితే పచ్చిది గట్టిగా పలుకుతుంది, పండుతున్నది బోలుగా పలుకుతుంది. ఈ చెట్టుకు చెవితో ఉన్న చుట్టరికం అక్కడితో ఆగదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసే కుటుంబాలు పనస దుంగనే ఎంచుకుంటాయి. కుండనూ దండినీ విడిగా చేసి అతికించకుండా, ఒకే దుంగను తొలిచి వీణ దించడం ఆ పనితనం. కోసినప్పుడు పసుపుగా మెరిసే చేవ, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అంత లావు దుంగ లేత చెట్టులో దొరకదు. ఎన్నో వేసవులు ఇంటిల్లిపాదికీ తొనలు పెట్టిన మానే కావాలి. కాయల బరువు మోసింది కూడా ఆ మానే. మృదంగం కట్టెకు కోరుకునేదీ పనసనే. వీణ కచేరీలో రెండు వాద్యాలూ శ్రుతి కలిపి కూర్చున్నాయంటే, వేదిక మీద ఎక్కడెక్కడి తోటల్లోనో పెరిగిన రెండు పనస చెట్లు మాట్లాడుకుంటున్నట్టే.