ముందు బ్రేకు, ఆ తర్వాతే హార్స్‌పవరు

పాత స్పోర్ట్స్ కారు కొనాలన్న కోరిక ఎవరికైనా పుట్టొచ్చు. అమీర్‌పేటలో పుడితే మాత్రం అడ్డంకులు గుమ్మంలోనే ఎదురవుతాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండేది ఒక్కటే పార్కింగు. మే నెల మధ్యాహ్నం పంజాగుట్ట చౌరస్తాలో కొత్త కార్లే ఉడికిపోతాయి. ఇంట్లోవాళ్లు ‘ఆ డొక్కు మనకెందుకు?’ అంటారు. అయినా ఆ కోరిక చావదు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చేసి ఉద్యోగాల్లో స్థిరపడ్డ తొలి తరానికి ఇప్పుడు యాభై దగ్గరపడుతోంది. ఇంటి అప్పు తీరుతుంది, పిల్లలు ఎదుగుతారు, స్క్రీను కాకుండా చేత్తో పట్టుకుని చేసే పని ఒకటి ఉంటే బాగుండుననిపించే వయసది. ఆఫీసుకు వెళ్లడానికి 2017 నుంచి అమీర్‌పేటలో మెట్రో ఉండనే ఉంది. కాబట్టి పాత కారు ఆదివారానికి మాత్రమే. ఆ సంగతి మొదటే ఒప్పుకుంటే సగం చిక్కులు విడిపోతాయి.

ఏ కారు?

స్పోర్ట్స్ కారు అనగానే ఎంజీ, జాగ్వార్ పేర్లు గుర్తొస్తాయి. మన దగ్గర అవి అరుదు, పైగా ఖరీదు. పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో జాగ్వార్ మార్క్ ఫైవ్ ఉంది. అవి కళ్లతో చూసి ఆనందించాల్సినవి. మామూలు ఉద్యోగి కొనుక్కుని, విప్పి, బిగించి, నేర్చుకోవడానికి మన దేశంలోనే తయారైన స్పోర్ట్స్ వంశపు బండి ఒకటుంది. అది స్టాండర్డ్ హెరాల్డ్.

బ్రిటన్‌లో 1959లో విడుదలైన ట్రయంఫ్ హెరాల్డే ఇది. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి 1971 దాకా దీన్ని ఇక్కడ తయారుచేసింది. అంబాసిడర్, ఫియట్ తప్ప మరో కారు పెద్దగా కనిపించని రోజుల్లో చురుకైన బండి అనిపించుకుంది. 1962లో ట్రయంఫ్ కంపెనీ ఇదే ఛాసిస్‌ను కురచ చేసి, వీల్‌బేస్‌ను 91.5 అంగుళాల నుంచి 83 అంగుళాలకు కుదించి, పైన రెండు సీట్ల బాడీ బిగించి ‘స్పిట్‌ఫైర్’ అనే స్పోర్ట్స్ కారు చేసింది. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాక్, వెనక అడ్డంగా పరిచిన కమాన్ పట్టీ, ఇవన్నీ ఒకే వంశానివి. స్పిట్‌ఫైర్ 1980 దాకా తయారైంది కాబట్టి దాని విడిభాగాలు చేసేవాళ్లు బ్రిటన్‌లో నేటికీ ఉన్నారు. హెరాల్డ్ కొన్నవాడికి అదే పెద్ద ధైర్యం.

కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి బడి దొరకదు. బానెట్టు, ముందు రెక్కలు కలిపి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. ఇంజను మూడు వైపులా ఖాళీగా బయటపడుతుంది. మెకానిక్ ముందు టైరు మీద కూర్చునే కార్బొరేటర్ విప్పుకోవచ్చు. బాడీ కూడా ముక్కలు ముక్కలుగా ఛాసిస్ మీద బోల్టులతో బిగించినదే. కాబట్టి ఒక భాగం పాడైతే బండంతా కోయనక్కర్లేదు.

కొనేముందు

కారు చూడబోయేముందు కాగితాలు చూడండి. ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. అసలు యజమాని కాలం చేసి ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ తప్పదు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ‘తర్వాత చూసుకుందాంలెండి’ అన్న మాట నమ్మకండి.

తర్వాత జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్లండి. రేకు మీద అది అంటుకోని చోట లప్పం మందంగా ఉన్నట్టే. తలుపుల చుట్టూ సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే ఛాసిస్ వంగిందన్నా అనుమానించాలి, బాడీ సరిగ్గా బిగించలేదన్నా అనుకోవాలి. హెరాల్డ్‌కు తుప్పు మొదట పట్టేది ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతులకు. కింద పడుకుని స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. మంచి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది బొంగురుగా పలుకుతుంది. చెన్నై, విశాఖల్లో సముద్రపు గాలికి పెరిగిన బండి కంటే హైదరాబాద్ పొడి వాతావరణంలో ఉన్న బండి రేకు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ.

ఇంజను బాగున్నా ఛాసిస్ పోయిన బండిని వదిలేయండి. ఇంజను చెడి ఛాసిస్ బాగున్నది దొరికితే బేరమాడండి. బోరింగు, ఓవర్‌సైజు పిస్టన్లు మన లేత్ షాపుల వాళ్లకు కొట్టిన పిండి.

చట్టం గీసిన గీత

ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు అన్నదానికి ఇప్పుడు చట్టమే ఒక కొలత ఇచ్చింది. కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉంటే ఆ గుర్తింపు రాదు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, గడువు పదేళ్లు, తిరిగి చేయించుకోవడానికి రూ.5,000. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఈ వాహనాలను ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతులకు, పెట్రోలుకు తీసుకెళ్లొచ్చు కానీ రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడకూడదు. హెరాల్డ్ తయారీ 1971లోనే ఆగింది కాబట్టి మన రోడ్ల మీద మిగిలిన ప్రతి హెరాల్డూ వయసు పరీక్షలో నెగ్గినట్టే.

మామూలు ఆర్సీ మీదే నడిపేవాళ్లకూ స్వేచ్ఛ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించుకోవాలి. అందుకే ఏ మార్పుకైనా ముందు ఖైరతాబాద్ ఆర్టీఏ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడగండి. అన్నింటికీ మించిన సూత్రం ఒకటుంది. కోసేది, వెల్డింగు చేసేది వద్దు. బోల్టుతో బిగించి, బోల్టు విప్పితే మళ్లీ పాత రూపానికి వచ్చేదే చేయండి. తీసిన భాగానికి చీటీ కట్టి డబ్బాలో దాచండి. రేపు ఆ కారు విలువ తేల్చేది ఆ డబ్బానే.

మొదట ఆగాలి

బండి ఇంటికి రాగానే చాలామంది చూపు కార్బొరేటర్ మీద పడుతుంది. అది తొందరపాటు. ఆ కాలపు బ్రేకుల్లో హైడ్రాలిక్ సర్క్యూట్ ఒక్కటే. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క రబ్బరు చిరిగినా ఆయిల్ కారిపోయి పెడల్ నేలకు తాకుతుంది. కాబట్టి మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, రబ్బరు పైపులు చూడ్డానికి బాగున్నా సరే కొత్తవి వేయించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ఇంకాస్త భద్రత కావాలంటే స్పిట్‌ఫైర్‌లోని ముందు డిస్కు బ్రేకులు హెరాల్డ్‌కు నప్పుతాయి. అవి ఆ వంశపు భాగాలే కాబట్టి బండి స్వభావం చెడదు.

టైర్లు నిగనిగలాడుతున్నాయని మురిసిపోవద్దు. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు ఏడాదిని చెబుతాయి. సెల్లార్‌లో కదలకుండా పదేళ్లున్న టైరు అరగకపోయినా గట్టిపడిపోయి ఉంటుంది.

హెరాల్డ్ వెనక ఇరుసుకు ఒక మొండితనం ఉంది. మలుపులో వేగంగా వెళ్తూ భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకుని బండి పక్కకు జారుతుంది. మన మెకానిక్కులకు, కొనేవాళ్లకు ఆ ఏర్పాటు నచ్చకనే 1972లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌లో మామూలు గట్టి ఇరుసు వేశారు. అనంతగిరి ఘాట్‌లో నడిపేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. వేగం మలుపుకు ముందే తగ్గించుకుని, మలుపులో యాక్సిలరేటర్ నిలకడగా పట్టుకుంటే ఈ బండి బుద్ధిగా నడుస్తుంది.

గ్రీజు కాదు, గేర్ ఆయిలు

ఈ కారులో ప్రాణం పోసే పని ఒకటుంది. ముందు చక్రం వెనక, కింది చేతి చివర అరచేతిలో ఇమిడే ఇత్తడి ముక్క ఉంటుంది. దాన్ని ట్రనియన్ అంటారు. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ మరల ద్వారా అందులోకి దిగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర తిరుగుతుంది. నిపుల్ కనబడితే చాలు, గ్రీజు గన్ను పెట్టి కొట్టడం గ్యారేజీల్లో అలవాటు. ఇక్కడ అదే ముప్పు. గ్రీజు మరల సందుల్లోకి దిగదు, కొన్నాళ్లకు గట్టిపడుతుంది. వర్షపు నీరు చేరి ఉక్కు కడ్డీ లోలోపల తుప్పు పడుతుంది. ఒకరోజు స్పీడ్ బ్రేకరు మీద అది పుటుక్కున విరిగి చక్రం పక్కకు పడుకుంటుంది.

చేయాల్సింది సులువు. గ్రీజు గన్ను శుభ్రంగా కడిగి అందులో ఈపీ 90 గేర్ ఆయిలు నింపండి. జాకీ వేసి చక్రం లేపి, పైన మర చివర ఆయిలు ఉబికేదాకా నెమ్మదిగా కొట్టండి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి మళ్లీ కొట్టండి. ఆరు నెలలకోసారి ఈ పని చేసే యజమానికి బండి అర్థమైనట్టే.

ఎండ, ఎథనాల్, ఎలుకలు

బ్రిటన్ చలికి గీసిన రేడియేటర్ తెలంగాణ ఎండాకాలానికి చాలదు. ఇంజనుతో తిరిగే ఫ్యాను సిగ్నల్ దగ్గర నెమ్మదిస్తుంది, సరిగ్గా గాలి కావాల్సింది అప్పుడే. రేడియేటర్ కోరు శుభ్రం చేయించి కూలెంట్ పోయించండి. వేడిని బట్టి తనే ఆన్ అయ్యే ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించండి. థర్మోస్టాట్ పీకేస్తే చల్లగా ఉంటుందనే సలహా వినొద్దు. ఇంజను సరైన వేడికి రాకపోతే అరుగుదల పెరుగుతుంది. పెట్రోల్ పంపు ఇంజనును అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి వేడికి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. పాత డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ వేసేవాళ్లు. ఇప్పుడు రేకు అడ్డు పెట్టుకుంటే సరిపోతుంది.

పెట్రోలూ మారింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసమే వాల్వు సీట్లను కాపాడేది. అందుకే హెడ్డు విప్పిన రోజునే గట్టి సీట్లు వేయించుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరును అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. పెట్రోలు కారి వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎథనాల్‌ను తట్టుకునే పైపులు, కొత్త క్లిప్పులు, ఒక ఫిల్టరు, చేతికందే చోట నిప్పు ఆర్పే సిలిండరు తప్పనిసరి. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచొద్దు.

ఇక సెల్లార్ ఎలుకలు. అవి వైర్లు కొరికితే షార్ట్ సర్క్యూటే, ఆ కాలపు వైరింగ్‌లో ఫ్యూజులు బహు తక్కువ. బ్యాటరీకి ఒక కటాఫ్ స్విచ్, హెడ్‌లైట్లకు రిలే, అదనపు ఫ్యూజులు పెట్టించండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ డిస్ట్రిబ్యూటర్ లోపలే దాగుతుంది, బయటికి తేడా తెలియదు. అయితే ఆనాటి బ్రిటిష్ బండ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది. అది చూడకుండా బిగిస్తే కిట్ కాలిపోతుంది. పాత పాయింట్లు సెట్ చేయడం మాత్రం నేర్చుకోండి. ఫీలర్ గేజితో 0.4 మిల్లీమీటర్ల సందు. నడిరోడ్డు మీద కిట్ పోతే ఇంటికి చేర్చేది ఆ విద్యే.

చివరికి శక్తి

హెరాల్డ్‌లోని 948 సీసీ ఇంజను ఒకే కార్బొరేటర్‌తో సుమారు 35 హార్స్‌పవర్ ఇచ్చేది. బ్రిటన్‌లో అదే ఇంజనుకు జంట ఎస్‌యూ కార్బొరేటర్లు పెట్టి కూపే మోడల్‌లో 45 దాకా తీశారు. అంటే కంపెనీయే చూపిన దారి ఒకటుంది. వేరే కారు ఇంజను తెచ్చి ఇరికించడం కంటే ఆ దారిలో నడవడమే సంప్రదాయం.

దక్షిణాదిలో ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పందేలు జరిగాయి. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ మారుతీ 800 ఇంజనుతో ‘ఫార్ములా మారుతీ’ పందెం కారు రూపొందించి ఎందరో కుర్రాళ్లకు దారి చూపాడు. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. దొరికిన సామానుతో పని జరిపించే నేర్పు వాళ్లది. మన రాణీగంజ్‌లో ఆ నేర్పుకు కావలసిన సరంజామా ఉంది. బేరింగు, ఆయిల్ సీలు, బెల్టు ఏదైనా సైజు చెబితే జత కుదురుస్తారు. కార్బొరేటర్ గాస్కెట్లు, ట్రనియన్ల వంటివి మాత్రమే విదేశాల నుంచి తెప్పించుకోవాలి.

చివరగా కొత్తవాళ్లకు ఒక మాట. కారు ధర ఎంతో, మరమ్మతులకు అంత సొమ్ము పక్కన ఉంచుకుని బయల్దేరండి. మొదటి ఏడాది బ్రేకులు, టైర్లు, పెట్రోలు పైపులు, ట్రనియన్లు. రెండో ఏడాది రేడియేటర్, వైరింగు. హార్స్‌పవరు సంగతి మూడో ఏడాది ఆలోచించండి. అప్పటికి నెక్లెస్ రోడ్డు మీద ఆదివారం పొద్దున ఆ 35 గుర్రాలే చాలనిపిస్తే, మిగిలిన డబ్బుతో ఇంకో జత ట్రనియన్లు తెప్పించి దాచుకోండి.