మేడ మీది పచ్చ వల పందిరి

చలిదేశాల్లో గ్రీన్‌హౌస్ వేడిని పట్టి ఉంచడానికి పుట్టింది. మన బెజవాడ మేడ మీద దాని పని తలకిందులవుతుంది. ఇక్కడ వేడిని తరిమేయాలి. నాలుగువైపులా మూసిన ప్లాస్టిక్ గుడారంలో వేసవి మొక్క ఉడికిపోతుంది. అందుకే ఇనుప గొట్టాల చట్రం మీద సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్, పక్కల నుంచి గాలి ఆడే దారి, వానాకాలంలో పైన ఒక పాలిథిన్ పట్టా. సరంజామా అంతే. మిగతాదంతా మనిషి పనితనం.

మే నెలలో ఆ పందిట్లో కొత్తిమీర చూడండి. ఆరుబయట ఎండలో అది సరిగా ఆకు వేయకముందే పూతకొస్తుంది. ధనియాలను బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, కొబ్బరిపొట్టు కలిపిన మట్టిలో చల్లి, పొద్దున్నే నీళ్లు చిలకరించే చేతికి మాత్రం లొంగుతుంది. తెల్లదోమ కనబడితే ఆకుల అడుగున వేపనూనె కొట్టాలి, అదీ సాయంత్రమే.

నాకు అన్నిటికన్నా గౌరవం బీరపాదు దగ్గరి పని మీద. సన్న కన్నుల వల కట్టిన చోటికి తేనెటీగ రాలేదు. బీరపువ్వేమో పొద్దువాలే వేళకు విచ్చుకుంటుంది. అప్పుడు ఇల్లాలు మేడెక్కి, మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకు పుప్పొడి అద్దుతుంది. ఎంత ఓర్పు, ఎంత నేర్పు! పిందె సాగితే పని ఫలించినట్టు. పసుపెక్కి రాలితే, మర్నాడు సాయంత్రం ఇంకో పువ్వు దగ్గర మళ్లీ మొదలు.