ఇంటిచదువు: ఎవరి గంటలు?

ఈ మధ్య చదువుల గురించి వస్తున్న వ్యాసాల్లో, అనువాదాల్లో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తోంది. పిల్లల్ని ప్రైవేటు బడికి పంపాలా, ఇంట్లోనే ఉంచి చదివించుకోవాలా? అడిగే తీరు చూస్తే ఉన్నవి రెండే దారులనీ, ఒకటి వ్యాపారం వైపు, మరొకటి స్వేచ్ఛ వైపు వెళ్తాయనీ అనిపిస్తుంది. నేను పుట్టి పెరిగిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి చదివితే మాత్రం ఈ ప్రశ్నలో ఒక మనిషి కనబడదు. ఆమె ఆ పిల్లల తల్లి. ఆమెను వెతకాలంటే ముందు మన సాహిత్యంలో ఇంటిచదువు ఎలా నమోదైందో చూడాలి.

భండారు అచ్చమాంబ (1874-1905) చదువు ఇంటిచదువే. చిన్న వయసులోనే పెళ్ళయిన ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువుకున్నారు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించారు. ఆమె ‘స్త్రీవిద్య’ కథలో చదువుకొమ్మని భర్త, ఎందుకని భార్య వాదించుకుంటారు. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’లో కమలిని భర్తకు బుద్ధి చెప్పేది ఉత్తరంతో. ఆ ఉత్తరం రాయగలిగే చదువు ఆమెకు భర్త పెట్టినదే. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేలుతుంది. ఇంట్లో గురువు మగవాడు. తమ్ముడో భర్తో. అతనికి తీరిక, దయ ఉన్నంత మేరకే ఆమె చదువు. అచ్చమాంబ ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. లక్ష్మణరావు వంటి తమ్ముడు లేని వేలమంది అక్కలు ఏమయ్యారని అడగకుండా ఆమె చదువును ఇంటిచదువు గొప్పతనానికి సాక్ష్యంగా చూపడం సరికాదంటున్నాను.

19వ శతాబ్దపు బెంగాలులో రాససుందరీ దేవికి అటువంటి గురువు కూడా లేడు. పుస్తకం నుంచి ఒక పేజీ తీసి వంటింట్లో దాచుకుని, దొంగచాటుగా అక్షరాలు కూడబలుక్కుంది. ఆమె ఆత్మకథ ‘ఆమార్ జీబన్’ చదివినవాళ్ళకు తెలుస్తుంది, ఆమెకు అందరికన్నా పెద్ద శత్రువు చాకిరీ. వంట, పిల్లలు, పూజలు, బంధువులు పోగా మిగిలిన నిమిషాల్లోనే ఆమె చదువుకోవాలి. ఇంటిచదువుకు కావలసింది పుస్తకం కన్నా ముందు సమయం అన్న సంగతి ఇంత స్పష్టంగా చెప్పిన పుస్తకాలు తక్కువ.

ఇక చలం. బడుల తనిఖీ అధికారిగా పనిచేసిన మనిషి కనుక బడుల్లోని భయం, బెత్తం ఆయనకు బాగా తెలుసు. ‘బిడ్డల శిక్షణ’ ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉండవలసిన పుస్తకమే. అయితే పిల్లల్ని కొట్టకుండా, భయపెట్టకుండా, వాళ్ళ ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబు చెప్పే మనిషి రోజంతా ఇంట్లో ఎవరు? ఆ ఓపికకు కావలసిన తీరిక ఆమెకు ఎవరిస్తారు? 1971లో బడి లేని సమాజాన్ని ప్రతిపాదించిన ఇవాన్ ఇలిచ్‌నూ, 1977లో బడికి పోని పిల్లల కోసం పత్రికే పెట్టిన అమెరికా రచయిత జాన్ హోల్ట్‌నూ ఇదే ప్రశ్న అడగాలి. అచ్చమాంబ కాలంలో ఇంటి గురువు మగవాడు గనుక అతని పేరు చరిత్రకెక్కింది. ఇప్పుడు ఆ గురువు తల్లి అయ్యేసరికి పేరూ పోయింది, ఆ పని ఒక పని అన్న లెక్కా పోయింది.

ఈ పుస్తకాలను ఇప్పుడు మా వైపు ఇళ్ళల్లోకి తెచ్చి చదువుదాం. సిరిసిల్లలో మగవాళ్ళు సాంచాల మీద పనిచేస్తారు. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోతారు. ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుంటారు. ఆకు నానబెట్టాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతులు ఒత్తాలి, లెక్క కట్టి కట్టలు కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. కార్ఖానాలో చూసేవాళ్ళు పనికిరావని పక్కన పెట్టిన బీడీలకు కూలి రాదు. ఈ ఇంట్లో ఆడపిల్లకు ఇంటిచదువు ఎప్పటినుంచో ఉంది. అమ్మ పక్కన కూర్చుని మూతులు ఒత్తడంతో అది మొదలవుతుంది. వేళ్ళు కుదురుకున్నాక చుట్టడం వస్తుంది. ఒకప్పుడు బీడీలు చేయడం వచ్చిన పిల్లకు సంబంధం తొందరగా కుదిరేది.

నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో పుస్తకం రాసిన మారియా మీస్ ఒక కీలకమైన విషయం పట్టుకుంది. వాళ్ళు గంటల తరబడి అల్లినా, ఆ సరుకు విదేశాలకు పోయినా, వాళ్ళను ఇంట్లో తీరిగ్గా కూర్చున్న గృహిణులుగానే లెక్కగట్టారు. ఇల్లు అన్న మాటే శ్రమను కప్పేసింది. మన చట్టమూ ఆ ముసుగును ఒప్పుకుంది. 1986 బాలకార్మిక చట్టం బీడీల తయారీని పిల్లలు చేయకూడని పనుల జాబితాలో పెట్టింది. అదే చట్టం ఇంటివాళ్ళ సాయంతో నడిచే పనికి మినహాయింపు ఇచ్చింది. బీడీలు తయారయ్యేది ఎక్కువగా ఇళ్ళల్లోనే గనుక నిషేధం గడప బయటే ఆగిపోయింది.

ఇటువంటి చోట ఇంట్లో ఉన్న పిల్ల స్వేచ్ఛగా ఎదుగుతుందని ఎలా అనుకోగలం? శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఒక సూత్రం మీద పనిచేసింది: బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్న పిల్లే. మొదట విన్నప్పుడు ఇది మొరటు మాటలా అనిపించవచ్చు. ఇలిచ్‌ను చదివినవాళ్ళకు ఇంకా అనిపిస్తుంది. కానీ చాట ముందు కూర్చున్న పిల్లకు బడి గేటు ఒక హద్దు. ఆ గేటు లోపల ఉన్నంతసేపు ఆమె వేళ్ళు ఆమెవే. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంది. ఇంటిచదువు ఊసు అందులో లేదు. నగరంలో ఇంటిచదువు ఎంచుకున్న తల్లిదండ్రులకు అది ఇబ్బందే కావచ్చు. సిరిసిల్ల ఆడపిల్లకు మాత్రం అది పట్టుకోదగ్గ ఆధారం.

అంటే ప్రైవేటు బడే దారి అంటున్నానా? లేదు. ఫీజు కట్టేది గల్ఫ్ పైసలో, సాంచాల కూలో అనుకుంటాం. గల్ఫ్ పైసలు అప్పులకు పోయి, సాంచాలు ఆగిన నెలల్లో ఫీజు కట్టించేది అమ్మ చుట్టిన బీడీలే. ఆ డబ్బు ఇద్దరికి చాలనప్పుడు కొడుకు ప్రైవేటు బడి బస్సెక్కుతాడు, బిడ్డ సర్కారు బడికి నడుస్తుంది. అక్కడితోనూ అయిపోదు. సాయంత్రం డైరీలో హోంవర్కు రాసి పంపుతారు, పక్కన తల్లి సంతకం కావాలి. ఇంగ్లీషు రాని తల్లి మళ్ళీ ట్యూషనుకు డబ్బు వెతుక్కుంటుంది. వచ్చిన తల్లి చాట పక్కన పెట్టి కూర్చుంటుంది. ప్రైవేటు బడి, ఫీజు తీసుకుని, సగం ఇంటిచదువును ఇంటికే తిప్పి పంపుతోంది. ఈ రెండింటినీ ఎదురెదురు దారులుగా చూపిస్తున్న రచనలు గమనించనిది ఇదే. రెండూ తల్లి గంటల మీదే నడుస్తున్నాయి.

2020లో ఈ నిజం బయటపడింది. కరోనాతో బడులు మూసి, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలుపెట్టారు. ప్రైవేటు బడులు ఫోన్లలో క్లాసులు నడిపాయి. ప్రతి ఇల్లూ బడి అయింది. ఆ బడిలో తరగతి గది, మధ్యాహ్న భోజనం, టీచరు, పర్యవేక్షణ అన్నీ తల్లి మీద పడ్డాయి. అటు బడుల్లో తక్కువ జీతాలకు పాఠాలు చెప్పిన పంతులమ్మలు ఎందరో ఆ జీతం కూడా లేక ఇంట్లో కూర్చున్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఫీజు తీసుకునే చదువైనా, ప్రేమతో చెప్పే చదువైనా చౌకగా దొరికే ఆడవాళ్ళ శ్రమతోనే నడుస్తోందని అప్పుడు తేటతెల్లమైంది. ఆ ఏడాది గురించి మన కథలు, కవితలు చాలానే వచ్చాయి. వలస కూలీల నడక రికార్డయినంతగా ఈ తల్లుల రోజు రికార్డు కాలేదు.

స్త్రీవాద విమర్శ ఇంటిపనిని శ్రమగా గుర్తించమని ఎంతోకాలంగా అడుగుతోంది. చదువు చెప్పడాన్ని కూడా ఆ లెక్కలోకి తేవాలి. ఇంటిచదువును కీర్తించే పుస్తకం చేతికి వచ్చినప్పుడు మనం అడగవలసినవి మామూలు ప్రశ్నలే. ఆ ఇంట్లో పాఠం చెప్పింది ఎవరు? ఆమె ఆ గంటల్లో మానుకున్న పని ఏది, మానలేక రాత్రికి వాయిదా వేసిన పని ఏది? కొడుకుకూ బిడ్డకూ ఒకే దారి దొరికిందా? ప్రైవేటు బడిని మెచ్చుకునే రచననూ ఇవే అడగాలి.

నా మట్టుకు నాకు మా వైపు పిల్లలకు కావలసింది ఈ రెండింటిలో ఏదో ఒకటి కాదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది కనుక, ఇంగ్లీషు కోసమే ఫీజు అన్న వాదన బలం కొంత తగ్గింది. ఊళ్ళో బడి, అందులో సరిపడా టీచర్లు, హోంవర్కును బడిలోనే పూర్తి చేయించి పంపే సాయంత్రపు గంట కావాలి. చలం కోరిన భయంలేనితనం ఆ బడిలోకి రావాలి. అది వస్తే తల్లికి ఒక గంట మిగులుతుంది. ఆ గంట ఆమె ఏం చేస్తుందన్నది ఆమె ఇష్టం. అచ్చమాంబలాగా రాస్తుందో, ఊరికే నడుం వాలుస్తుందో మనం నిర్ణయించనక్కరలేదు.